మిట్ట ఎక్కలేని చిన్న బండి

కృష్ణగిరి నుంచి హొసూరుకు బస్సులో వచ్చేవారికి ఇది మిట్ట దారి అని తెలియనే తెలియదు. కిటికీ పక్కన కూర్చుని కునుకు తీసి లేచేసరికి హొసూరు వచ్చేస్తుంది. కృష్ణగిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంటే హొసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంటే 50 కిలోమీటర్ల ప్రయాణంలో మనం 400 మీటర్లు పైకి ఎక్కుతున్నామన్నమాట. బస్సుకు ఇది లెక్కలోనిది కాదు. భార్యనూ, పూలమూటనూ ఎక్కించుకుని బయలుదేరిన 100 సిసి బండికి మాత్రం ప్రతి మీటరూ తెలుస్తుంది.

ఈ దారి మీదే ఉంది గురుబరపల్లి. మామిడితోటలు, పూలతోటలు, గ్రానైటు క్వారీలు, వాటి మధ్య ఇప్పుడు ఫ్యాక్టరీలు. ఒకే వీధిలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినబడతాయి. మనం మిట్ట అనేదాన్ని తమిళులు మేడు అంటారు, కన్నడిగులు దిణ్ణె అంటారు. పేరు ఏదైనా చిన్న బండి పడే అవస్థ ఒకటే.

ముందుగానే ఒక మాట మనవి చేసుకుంటాను. నేను ఇంజనీరును కాను. బీ.కాం. చదివి బ్యాంకులో చేరి, లెడ్జర్ల కాలం నుంచి కంప్యూటర్ల కాలం దాకా వచ్చినవాడిని. అయితే ద్విచక్ర వాహనాల అప్పుల అర్జీలు చూసీ చూసీ ఒక సంగతి గమనించాను. పెద్ద బండికి అప్పు అడిగేవారిలో చాలామంది చెప్పే కారణం "ఉన్న బండి మిట్ట ఎక్కడం లేదు" అన్నదే. అది నిజంగా బండి చిన్నదవడం వల్లనా, లేక బండికి జబ్బు చేసిందా అని అడిగితే జవాబు ఉండదు. ఆ తేడా తెలుసుకుంటే ఒక కుటుంబానికి మూడేళ్ల వాయిదాలు మిగలవచ్చు. అంతకంటే ముఖ్యంగా, లారీలు తిరిగే రోడ్డు మీద ప్రాణాపాయం తప్పవచ్చు. అందుకే నాకు తెలిసినంత మేరకు ఈ నాలుగు మాటలు. బెంగుళూరులో ఉండి పిల్లలు నంది కొండకు బండి మీద పోతామంటే భయపడే తల్లిదండ్రులకూ, సేలంలో ఉండి ఏర్కాడు ఎక్కే వారికీ కూడా ఇవి పనికివస్తాయి.

మిట్టకు ఎంత బలం కావాలి?

లెక్క చాలా తేలిక. బండి 110 కిలోలు, నడిపేవారు 65, వెనుక కూర్చున్నవారు 55, సామాను 20. మొత్తం 250 కిలోలు అనుకుందాం. పదికి ఒకటి చొప్పున ఎక్కే మిట్ట, అంటే 10 మీటర్లు పోతే 1 మీటరు పైకి లేచేది, ఎదురైందనుకోండి. మన పల్లెదారుల్లో, గుడి కొండల దారుల్లో ఇలాంటివి ఉంటాయి. అప్పుడు 250 కిలోల్లో పదో వంతు, అంటే 25 కిలోల బరువు బండిని వెనక్కి లాగుతూ ఉంటుంది. టైర్లు రోడ్డు మీద దొర్లడానికి నూటికి 2 చొప్పున 5 కిలోలు. 30 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలికి సుమారు 3 కిలోలు. మొత్తం 33 కిలోలు.

ఈ కిలోలను గంటకు కిలోమీటర్ల వేగంతో గుణించి 270తో భాగిస్తే చక్రం దగ్గర కావలసిన హార్స్‌పవర్ వస్తుంది. 33 ఇంటూ 30 బై 270. సుమారు 3.7. అదే మిట్టను 20 వేగంతో ఎక్కితే 2.3 చాలు. 40 వేగంతో ఎక్కాలంటే 5.2 కావాలి.

ఈ మూడు అంకెల్లోనే సగం రహస్యం ఉంది. మిట్ట అదే, బరువు అదే. వేగం రెట్టింపు చేయమంటే బలం రెట్టింపుకంటే ఎక్కువ అడుగుతుంది. ఇంకో సంగతి: ఈ లెక్కలో పెద్ద పద్దు గాలిది కాదు, బరువుది. 25 కిలోల మూట దించితే ఈ మిట్ట మీద 3 కిలోల లాగుడు తగ్గుతుంది.

కృష్ణగిరి నుంచి హొసూరుకు సగటు చూస్తే 125 మీటర్లకు 1 మీటరే ఎక్కుతాం. అది ఏ బండైనా ఎక్కగలదు. కానీ దారి సగటున ఎక్కదు కదా! కొంతదూరం చదును, కొంతదూరం పల్లం, తరువాత ఒక్కసారిగా మిట్ట. సంవత్సరాదాయం బాగానే ఉన్నా నెలాఖరు వాయిదా దగ్గర తడబడే ఇల్లు లాంటిది ఇది. బండి సత్తా తేలేది ఆ ఒక్క మిట్ట దగ్గరే.

ఇంజను దగ్గర ఎంత ఉంది?

1994లో వచ్చిన స్ప్లెండర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 97.2 సిసి ఇంజను, సుమారు 7.5 హార్స్‌పవర్. మనకు కావలసింది 3.7 అయినప్పుడు 7.5 ఉన్న బండి ఎందుకు ఏడుస్తుంది? ఎందుకంటే ఆ 7.5 అన్నది ఇంజను నిమిషానికి 8,000 చుట్లు తిరిగినప్పటి మాట. 4,000 చుట్ల దగ్గర సుమారు సగమే ఉంటుంది. గేర్లలో, చైనులో కొంత పోగా చక్రానికి అందేది ఇంకా తక్కువ. టాప్ గేరులోనే ఎక్కించాలని పట్టుబడితే ఇంజను చుట్లు పడిపోతాయి, చుట్లతోపాటు బలమూ పడిపోతుంది. ఫిక్సెడ్ డిపాజిట్‌లో సొమ్ము ఉన్నా చేతిలో రొక్కం లేనట్టు.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడటం మరొక కారణం. ప్రతి 100 మీటర్లకూ సుమారు నూటికి ఒక వంతు బలం తగ్గుతుంది. కృష్ణగిరిలో ఉన్న బలంలో హొసూరు చేరేసరికి 4 వంతులు, సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న ఏర్కాడు చేరేసరికి 10 వంతులు పోతాయి. కార్బురేటరు బళ్లలో దీనికితోడు పెట్రోలు పాలు ఎక్కువై బండి కాస్త ఉక్కిరిబిక్కిరి అవుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 బళ్లలో ఎక్కువభాగం ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. అవి పెట్రోలు పాలును సరిచేసుకుంటాయి గానీ పలచబడిన గాలిని చిక్కబరచలేవు.

ఒక పూలతోట యువకుడి కథ

కొన్నేళ్ల క్రితం సంగతి. గురుబరపల్లి దగ్గరి పల్లె నుంచి పూలతోట ఉన్న ఒక యువకుడు మా బ్రాంచికి వచ్చాడు. వాళ్ల మామ దగ్గర కొన్న పాత 100 సిసి బండి. తెల్లవారుజామున పూలమూట కట్టుకుని హొసూరు మార్కెట్టుకు పోవాలి. ఆలస్యమైతే ధర సగానికి పడిపోతుంది.

"బండి మిట్ట ఎక్కల్యా సార్. నా పెండ్లాన్ని దించి నడిపిస్తా ఉండా. మొన్న చీకట్లో నడిమిట్టలో నిలబడిపోయింది. వెనకాల లారీ. నేనూ బండీ కాలవలోకి దిగబట్టి బతికితిమి," అన్నాడు.

లక్ష రూపాయల అప్పు కావాలన్నాడు. 12 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 3,320 రూపాయల వాయిదా. మూడేళ్లలో వడ్డీ ఒక్కటే 19,500 దాటుతుంది. అప్పు ఇవ్వడం మా పనే, ఇవ్వనని నేను అనలేదు. "ఏమప్పా, బండిని ఎవరికైనా చూపించినావా?" అని మాత్రం అడిగాను. ఒక మెకానిక్కు బోరు చేయించమన్నాడట, ఇంకొకరు సైలెన్సరు మార్చమన్నారట. నాకు తెలిసిన పెద్దాయన ఒకరు, హొసూరులో ముప్పై ఏళ్లుగా బళ్లు బాగుచేసేవారు, ఆయన దగ్గరికి ఆదివారం రమ్మన్నాను. నేనూ వెళ్లి కూర్చున్నాను.

ఆ పెద్దాయన ఇంజను ముట్టనే లేదు. బండికి సెంటరు స్టాండు వేసి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పారు. ఒక చుట్టు కూడా తిరక్కుండా ఆగిపోయింది. "బ్రేకు పట్టేసుకునే తిరగతా ఉంది నాయనా, పగలంతా నువ్వు బ్రేకు మీద కాలేసుకుని మిట్ట ఎక్కతా ఉండావు," అన్నారు. చైను ఎండి తుప్పు పట్టింది. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగాయి. ఎయిర్ ఫిల్టరు తీసి దులిపితే క్వారీ దుమ్ము పిడికెడు రాలింది. క్లచ్చు కేబులు బిగుసుకుని ఉంది, ప్లేట్లు అరిగి జారుతున్నాయి. వెనుక టైరులో గాలి చాలినంత లేదు.

మధ్యాహ్నానికి అన్నీ సరిచేశారు. ఖర్చు ఒక నెల వాయిదాను దాటలేదు. అదే మూట, అదే మిట్ట. ఇదివరకు రెండో గేరులో ఏడుస్తూ ఎక్కిన చోట మూడో గేరులో నిలకడగా ఎక్కింది. ఆయన భార్య దిగి నడవవలసిన అవసరం లేకపోయింది.

అయితే పూర్తి నిజం కూడా చెప్పాలి. పూలు దండిగా వచ్చే పండుగ రోజుల్లో రెండు మూటలూ, ఇద్దరు మనుషులూ అంటే ఆ బండి వల్ల కాలేదు. ఆ రోజుల్లో ఆయన ఒక మూట ఊరివాళ్ల వ్యానులో వేసేవాడు. రెండేళ్ల తరువాత తోట పెరిగాక పెద్ద బండి కొన్నాడు. అప్పుడు సగం సొమ్ము ఆయనదే, సగమే అప్పు.

ముందు చిల్లులు పూడ్చండి

ఆ ఆదివారం నేర్చుకున్నది వరుసగా రాస్తాను. ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు ఈ వరుసలోనే చూసుకోవాలి.

ఒకటి, టైర్లలో గాలి. వెనుక మనిషి ఉంటే ఎంత ఉండాలో బండి పుస్తకంలో వేరుగా రాసి ఉంటుంది. రెండు, చక్రాలు చేత్తో తిప్పితే సులువుగా తిరగాలి. మూడు, చైను. మరీ బిగువూ కాకూడదు, వదులూ కాకూడదు. పుస్తకంలో చెప్పినంత ఊగాలి. నాలుగు, ఎయిర్ ఫిల్టరు. క్వారీల దగ్గర తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువుకంటే ముందే చూడాలి. అయిదు, ప్లగ్గు, ట్యాపెట్ల సందు. ఆరు, క్లచ్చు. టాప్ గేరులో పోతూ ఒక్కసారి యాక్సిలరేటరు తిప్పితే ఇంజను అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చు జారుతున్నట్టే. ఏడు, ఇవన్నీ బాగున్నా బలం లేకపోతే, నీలిపొగ కూడా వస్తుంటే, అప్పుడు పిస్టన్ రింగుల సంగతి చూడాలి.

పాత రెండు స్ట్రోకుల బళ్లకు మరొకటి ఉంది. మన హొసూరు గడ్డ మీద 1980లో పుట్టిన టీవీఎస్ 50 మొదలుకొని ఆ జాతి బళ్లన్నిటికీ ఆయిలు మసి సైలెన్సరులో పేరుకుంటుంది. అది గీకి శుభ్రం చేస్తే చాలు, బండి వయసు తగ్గినట్టు అనిపిస్తుంది. ఇక గేర్లు లేని ఎక్స్‌ఎల్ రకం బళ్లలో మిట్ట వచ్చినప్పుడు తగ్గించడానికి కింది గేరే ఉండదు. వాటికి బరువు తగ్గించడమే గేరు మార్చడం.

పళ్ల లెక్క

జబ్బులన్నీ నయమయ్యాక కూడా లాగుడు చాలకపోతే స్ప్రాకెట్ మార్చడం ఒక దారి. ఉదాహరణకు ముందు 14 పళ్లు, వెనుక 42 పళ్లు ఉన్నాయనుకోండి. 42ను 14తో భాగిస్తే 3. వెనుక 45 వేస్తే 3.21. చక్రం దగ్గర లాగుడు 7 శాతం పెరుగుతుంది. లేదా ముందు 13 వేస్తే 3.23, దాదాపు 8 శాతం.

అయితే బ్యాంకులో లాగానే ఇక్కడా జమకు ఎదురుగా ఖర్చు ఉంటుంది. ఇంజను బలం పెరగలేదు, దాన్ని వాడే తీరు మారిందంతే. చదును రోడ్డు మీద అదే వేగానికి ఇంజను 7, 8 శాతం ఎక్కువ తిరగాలి. శబ్దం పెరుగుతుంది, మైలేజీ కాస్త తగ్గుతుంది. ముందు చక్రం చిన్నదైతే చైను ఎక్కువ వంగి త్వరగా అరుగుతుంది. వెనుకది పెద్దదైతే చైను పొడవు చాలకపోవచ్చు. కొత్త స్ప్రాకెట్‌కు పాత చైను తగిలించకూడదు, మూడూ కలిపి సెట్టుగా మార్చాలి. రోజూ మిట్ట మీదే తిరిగేవారికి ఇది లాభం. నెలకొకసారి కొండకు పోయేవారికి నష్టం.

చేయకూడని పనులు

ఫిల్టరు తీసేసి నడపడం, సైలెన్సరుకు తూట్లు పొడవడం, కార్బురేటరు జెట్టు పెద్దది వేయడం. కుర్రవాళ్లు చేసే ఈ మూడింటితో శబ్దం పెరుగుతుంది, బలం పెరిగినట్టు చెవికి అనిపిస్తుంది. ఫిల్టరు లేని ఇంజను లోపలికి మన క్వారీ దుమ్ము పోతే సిలిండరు గీతలు పడి కొద్దికాలంలోనే పాడవుతుంది.

బోరు సంగతి కూడా చాలామందికి తెలియదు. స్ప్లెండర్ సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు. పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తే 97.2 సిసి కాస్తా సుమారు 98.2 అవుతుంది. పెరిగింది ఒక్క సిసి! బోరు చేయించాక బండి బాగా లాగుతోందంటే, అరిగిపోయిన సిలిండరులో కారిపోతున్న ఒత్తిడి తిరిగి నిలిచిందన్నమాట. అది మరమ్మతే గానీ బలం పెంచడం కాదు. అరగని ఇంజనుకు బోరు చేయించడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

వేరే పెద్ద ఇంజను బిగించడం మరీ ప్రమాదం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లో ఉన్న వివరాలకూ తయారీదారు ఇచ్చిన కొలతలకూ భిన్నంగా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు క్లెయిము దగ్గర మొదట అడిగేది అదే. బండి అప్పు మీద ఉంటే తాకట్టు ఉన్న ఆస్తిని మార్చినట్టవుతుంది.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

మిట్ట మొదలు కాకముందే, ఇంజను ఇంకా హుషారుగా ఉండగానే ఒక గేరు తగ్గించాలి. ఇంజను దడదడలాడే దాకా ఆగి తగ్గిస్తే అప్పటికే ఊపు పోయి ఉంటుంది. క్లచ్చు సగం పట్టుకుని ఎక్కించకూడదు, ప్లేట్లు కాలిపోతాయి. నాలుగో గేరుకు పట్టుదల వద్దు, రెండో గేరులో 20 వేగంతో ఎక్కడం నామోషీ కాదు. పెద్ద రోడ్డు మీద ఎడమ అంచున ఉండండి. బండి ఆగిపోతే ముందు బ్రేకు పట్టి, వెనుకవారిని ఎడమవైపు దించి, ఆ తరువాతే బండిని పక్కకు తియ్యండి. వెనక్కి దొర్లే బండిని కాళ్లతో ఆపబోయి పడినవారు ఎందరో.

దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో వదిలే అలవాటు మనవాళ్లలో ఉంది. దయచేసి మానిపించండి. ఇంజను పట్టు లేకపోతే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. పొడవాటి పల్లంలో డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఏ గేరులో మిట్ట ఎక్కారో ఆ గేరులోనే దిగడం మంచి నియమం.

ఇప్పుడు మన జిల్లాలోనే ఎలక్ట్రిక్ బళ్లు తయారవుతున్నాయి. హొసూరులో ఏథర్, పోచంపల్లి దగ్గర ఓలా, రెండూ 2021లో ఇక్కడ మొదలైనవే. మోటారుకు కదిలిన క్షణం నుంచే పూర్తి లాగుడు ఉంటుంది కనుక మిట్ట మొదట్లో అవి తడబడవు. కానీ బరువు, ఎత్తు అన్న లెక్క వాటికీ అదే. బ్యాటరీ మిట్ట మీద త్వరగా దిగిపోతుంది. రాను పోను దూరం వేసుకునేటప్పుడు అది మరవవద్దు.

చివరగా మన సంఘం కుటుంబాలకు ఒక విన్నపం. ఇంట్లో పిల్లవాడు బండి లాగడం లేదని పెద్ద బండి అడిగితే వెంటనే సరే అనవద్దు, వెంటనే కాదనీ అనవద్దు. వాడితో కలిసి కూర్చుని బండికి సెంటరు స్టాండు వేయించి, వెనుక చక్రం ఒకసారి చేత్తో తిప్పి చూడమనండి. చక్రం సులువుగా తిరిగి, పైన చెప్పిన ఏడూ సరిగా ఉండి, అప్పటికీ మిట్ట ఎక్కకపోతే మా బ్యాంకుకు పంపండి. అప్పు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.